కొర్రమీనుకు ఏ రాడ్, ఏ ఎర? ముందు నీళ్ళు చూడు, తర్వాతే షాపు

చంద్రగిరి పక్కనుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. అమెరికా వాళ్ళ బ్యాస్ చేప వేట వీడియోలు చూసి క్రాంక్‌బైట్లు అనే ప్లాస్టిక్ ఎరలు కొన్నాడట. ఊరి చెరువులో విసిరిన ప్రతిసారీ కలుపుకు తగులుకుని తెగిపోతున్నాయట. "ఎండాకాలానికి ఒక ఎర, వానాకాలానికి ఒక ఎర అంటారు, నిజమేనా అన్నా? అసలు ఏ రాడ్ కొనాలి? అదే రాడ్ పులికాట్‌లో పండుగప్పకు పనికొస్తుందా?"

ముందు సూటిగా చెప్పేస్తా తమ్ముడూ. ఏడడుగుల మీడియం హెవీ రాడ్, 3000 సైజు స్పిన్నింగ్ రీలు, 30 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ (అల్లిన) దారం, కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉండే మెత్తటి రబ్బరు కప్పలు రెండు. మన చెరువుల్లో కొర్రమీనుకు మొదలుపెట్టడానికి ఇవి చాలు. పులికాట్‌కూ ఆ రాడ్, ఆ రీలే చాలు. దారం కొసన కట్టే లీడరు, ఎర మాత్రం మారతాయి. కాలాన్ని బట్టి ఎర మార్చాలన్నదీ నిజమే. కానీ క్యాలెండరులో నెల చూసి మార్చేది కాదు. ఆ పొద్దు నీళ్ళు ఎంత లోతున్నాయి, ఎంత బురదగా ఉన్నాయి, ఎంత వేడెక్కాయి, కలుపు ఎక్కడుంది, ఈ నాలుగూ చూసి మార్చాలి.

ఇప్పుడు నీ క్రాంక్‌బైట్ల సంగతి. వీడియోల్లో కనబడేది లార్జ్‌మౌత్ బ్యాస్. ఉత్తర అమెరికా చేప. దాని ప్రపంచ రికార్డు 1932లో జార్జియా రాష్ట్రంలో పట్టిన 22 పౌండ్ల 4 ఔన్సుల చేప, అంటే పది కిలోలు. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో దానికి సమానమైనది ఇంకొకటి పడింది. అంత పేరున్న చేప కాబట్టే దాని చుట్టూ అన్ని రకాల రాడ్లు, అన్ని రకాల ఎరలు పుట్టుకొచ్చాయి. మన చెరువుల్లో బ్యాస్ లేదు. మనకు ఆ స్వభావం ఉన్నది కొర్రమీను. రెండూ మాటు వేసి కొట్టే చేపలే, రెండూ కలుపు అంచున, నీడలో, మునిగిన కొమ్మల పక్కన కాచుకునేవే, రెండూ పిల్లలకు కాపలా కాసేవే. అందుకే బ్యాస్ వాళ్ళ ఆలోచన మనకు బాగా పనికొస్తుంది, వాళ్ళ డబ్బాలో ఉన్నవన్నీ పనికిరావు.

క్రాంక్‌బైట్‌కు మూతి దగ్గర ప్లాస్టిక్ నాలుక ఉంటుంది. లాగితే అది నీళ్ళను తోసుకుంటూ కిందికి దిగుతుంది. దానికి తోడు వేలాడే మూడు ముళ్ళ కొక్కేలు రెండు. ఇది శుభ్రమైన నీళ్ళలో, రాళ్ళ పక్కన వెయ్యాల్సిన ఎర. తుంగ, తామర, గుర్రపుడెక్క, మునిగిన తుమ్మకంప ఉన్న మన చెరువులో అది కలుపును పట్టుకోక ఏం చేస్తుంది? పారెయ్యకు, దాచిపెట్టు. కట్టకు రాతి పేర్పు ఉన్నచోట, తూము దగ్గర లోతు ఉండి కలుపు లేనిచోట కట్ట వెంబడే సమాంతరంగా విసిరి లాగు. అక్కడ దానికి పని ఉంది.

కొర్రమీనుకూ బ్యాస్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. మన వేటంతా దానిమీదే నడుస్తుంది. కొర్రమీను గాలి పీలుస్తుంది. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు ఒక్కటే దానికి చాలదు, మధ్యమధ్య పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి పోవాల్సిందే. మే నెలలో చెరువు మోకాలి లోతుకు ఇంకి, తెల్లారేసరికి బొచ్చెలు నీటిపైన నోళ్ళు తెరుచుకుని తేలుతుంటాయి చూడు, అప్పుడు కూడా కొర్రమీను హాయిగా తిరుగుతుంటుంది. అది గాలికి వచ్చినప్పుడు చిన్న చప్పుడు, ఒక గుండ్రటి అల, కొన్ని బుడగలు. ఆ అలమీదే కప్పను వెయ్యొద్దు, బెదిరిపోతుంది. అల వచ్చిన చోటికి నాలుగైదు అడుగులు అవతల వేసి, దాని మీదుగా నెమ్మదిగా తీసుకురా. బెండు వేసుకుని కూర్చునే వేటకూ, ఈ వేటకూ ఇదే తేడా. ఇందులో చేప ఉన్న చోటు ముందు మనం కనిపెట్టాలి. అందుకే చెరువు దగ్గరికి పోగానే రాడ్ విప్పొద్దు. ఒక పావుగంట కట్టమీద కదలకుండా కూర్చుని చూడు.

రాడ్ ఎందుకు గట్టిది కావాలంటే: కొర్రమీను ఎర నోట పడిన మరుక్షణం కలుపులోకి తల దూరుస్తుంది. రెండు సెకన్లు ఆలస్యమైతే దారం తామర కాడలకు చుట్టుకుంటుంది. అది తల తిప్పకముందే పైకి ఎత్తి, నీటిపైన జారించుకుంటూ లాక్కోవాలి. అల్ట్రాలైట్ రాడ్‌తో అది జరగదు. కొనేటప్పుడు రాడ్ పిడికి పైన రాసి ఉండే అంకెలు చదువు. ఎర బరువు 10 నుంచి 30 గ్రాములు అని ఉంటే మనకు సరిపోతుంది. మరీ కర్రలాగా బిగుసుకున్నదీ వద్దు, పన్నెండు గ్రాముల కప్పను అది విసరలేదు. కొస కొంచెం వంగాలి, నడుము గట్టిగా ఉండాలి.

దారం బ్రెయిడ్ ఎందుకంటే, మామూలు నైలాన్ దారం సాగుతుంది. ఇరవై గజాల దూరంలో చేప కప్పను పట్టినప్పుడు నువ్వు కొట్టిన దెబ్బ సగం ఆ సాగుడులోనే పోతుంది. కొర్రమీను నోరేమో గట్టి ఎముక, కొక్కెం దిగాలంటే దెబ్బ నేరుగా తగలాలి. బ్రెయిడ్ సాగదు, పైగా మెత్తటి కాడలను కోసుకుంటూ వస్తుంది. ముడి మాత్రం పాలోమర్ వెయ్యి, బిగించే ముందు ఉమ్మితో తడుపు. కలుపులో వేసేటప్పుడు రీలు డ్రాగ్ (చేప గట్టిగా లాగితే దారం వదిలే బ్రేకు) పూర్తిగా బిగించు. కలుపు లేనిచోట కొంచెం వదులు చెయ్యి.

బెయిట్‌కాస్టింగ్ రీలు (విసిరినప్పుడు దారం చుట్టే తిరిగే రకం) కొనమంటావా అని తర్వాత ఎలాగూ అడుగుతావు. ఇప్పుడే వద్దు. దానిమీద బొటనవేలి పట్టు దొరకడానికి టైం పడుతుంది, ఈలోగా దారం చిక్కులు తీసుకుంటూనే పొద్దు గడిచిపోతుంది.

కప్ప గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే షాపులోంచి తెచ్చినది తెచ్చినట్టు వాడేవాళ్ళే ఎక్కువ. రబ్బరు కప్పను చేతిలోకి తీసుకుని బొటనవేలితో వీపు నొక్కు. వీపు మెత్తగా లోపలికి పోయి రెండు కొక్కేల మొనలూ బయటపడాలి. గట్టిగా ఉండి మొనలు కనబడకపోతే చేప కొరికినా గుచ్చుకోదు, ఆ కప్ప కొనొద్దు. మంచిదైతే, ముక్కు పట్టకారుతో ఒక్కో మొనను ఒంటినుంచి ఒక వెంట్రుకవాసి పైకి వంచు. ఎక్కువ వంచితే కలుపు పట్టుకుంటుంది. వెనక వేలాడే రబ్బరు కాళ్ళు పొడుగ్గా ఉంటే చేప కాళ్ళే పట్టుకుని వదిలేస్తుంది, కాబట్టి సగానికి కత్తిరించు. ఒక కాలు ఇంకోదానికంటే కొంచెం పొట్టిగా ఉంటే కప్ప ఆగి ఆగి లాగినప్పుడు అటూ ఇటూ తల తిప్పుకుంటూ వస్తుంది. ప్రతి నాలుగైదు విసుర్లకు దాన్ని పిండి లోపల చేరిన నీళ్ళు తీసెయ్యి. నీళ్ళు నిండిన కప్ప వెనక్కి వాలి తేలుతుంది, దాన్ని చేప నమ్మదు.

ఇక దెబ్బ ఎప్పుడు కొట్టాలి. నీళ్ళు 'బుడుంగ్'మని పగిలిన శబ్దానికి చేతులు వాటంతటవే రాడ్‌ను లేపేస్తాయి. అప్పుడే ఆగాలి. కొర్రమీను చాలాసార్లు మొదట కొట్టి తర్వాత మింగుతుంది. రాడ్ కొసను నీటివైపు దించు, వదులు దారం చుట్టుకో, బరువు చేతికి తెలిసిన తర్వాత పైకి కొట్టు. తప్పిపోతే కప్పను వెంటనే లాక్కోవద్దు, అక్కడే ఆపి ఒకసారి కదిలించు. తిరిగి వస్తుంది.

ఇప్పుడు కాలాల సంగతి.

ఎండాకాలం, నీళ్ళు తగ్గి వేడెక్కినప్పుడు. మార్చి మధ్య నుంచి జూన్ దాకా మన చెరువులు కుంచించుకుపోతాయి. నాకు ఇష్టమైన కాలం ఇదే. నీళ్ళు తక్కువైనప్పుడు చేప దాక్కునే చోట్లు కూడా తక్కువవుతాయి, చూసి లెక్కేసుకోవచ్చు. తెల్లవారుజామున వెలుగు రాకముందు నుంచి ఎండ చురుక్కుమనే దాకా, మళ్ళీ పొద్దు వాలాక. మధ్యాహ్నం పోవాల్సి వస్తే దట్టంగా అల్లుకున్న తామరాకుల నడుమ, గుర్రపుడెక్క కింద నీడలోనే చూడు. ఆకులమీద కప్పను వేసి, ఆకు అంచుదాకా లాగి, నీళ్ళలోకి జారే చోట ఆపు. ఐదు సెకన్లు, పది సెకన్లు. దెబ్బ ఎక్కువగా వచ్చేది కప్ప ఆగినప్పుడే. మంటగా ఉన్న మధ్యాహ్నం తర్వాత ఉరుములతో ఒక వాన పడిందనుకో, ఆ సాయంత్రం ఇంట్లో కూర్చోవద్దు. నీటిపైన వేడి తగ్గుతుంది, పురుగులూ కప్పలూ కదులుతాయి, కొర్రమీను అంచుకొస్తుంది. మెరుపులు ఉన్నంతసేపు మాత్రం కార్బన్ రాడ్ చేతిలో పట్టుకుని కట్టమీద నిలబడొద్దు. ఇంకో మాట, ఎండాకాలం తుంగ గట్లమీద రక్తపింజర ఉంటుంది. చెప్పులతో దిగొద్దు, మోకాలిదాకా బూట్లు వేసుకో.

వానలు పడి కొత్తనీళ్ళు చేరినప్పుడు. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వంకల్లోంచి ఎర్రమట్టి నీళ్ళు దిగి చెరువు టీ రంగుకు మారుతుంది. అప్పుడు చేపకు కళ్ళు పెద్దగా పనిచెయ్యవు. దాని పక్కల వెంబడి ఉండే గీతతో నీటి కదలికను పసిగట్టి కొడుతుంది. కాబట్టి కదిలే, కొట్టుకునే, శబ్దం చేసే ఎర కావాలి. రేకు తిరిగే స్పిన్నర్‌బైట్, తోక కొట్టుకునే మెత్తటి చేప, మూతి గుంటగా ఉండి లాగితే 'గ్లగ్'మనే కప్ప. రంగు నల్లది, లేదా ముదురు గోధుమ. బురద నీళ్ళలో కిందనుంచి చూసే చేపకు ఆకాశం వెలుగు ముందు నల్లటి ఆకారం బాగా తెలుస్తుంది. ఒకే చోట మళ్ళీ మళ్ళీ వెయ్యి, నెమ్మదిగా లాగు, దానికి వెతుక్కునే టైం ఇవ్వు. చెరువు నడుమ వెతకొద్దు. నిన్నటిదాకా ఎండిన గడ్డి ఉండి ఈరోజు మునిగిన అంచులు, వంక కలిసే మూల, మొరవ కింద ఆగిన మడుగులు, వీటిలో చూడు.

మొరవ పారుతున్నప్పుడు దానిమీద నిలబడి వెయ్యడం మాత్రం ప్రాణంతో ఆడుకోవడం. 2021 నవంబరులో తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకేజీ వచ్చి కింది ఊళ్ళను ఖాళీ చేయించిన రోజులు మనం చూశాం. నిండిన చెరువు నిండు బరువుతో ఉంటుంది. నీళ్ళు తగ్గేదాకా ఆగు.

ఈ కాలంలోనే ఇంకో సంగతి ఉంది, దీన్ని గట్టిగా చెబుతున్నా. కొత్తనీళ్ళు చేరాక కొర్రమీను గుడ్లు పెడుతుంది. కొన్నాళ్ళకు నీటిపైన ఎర్రటి చిన్న పిల్లలు ఒక గుంపుగా, వాన చినుకులు పడుతున్నట్టు బుడబుడమంటూ కదులుతుంటాయి. వాటి కిందే తల్లీతండ్రీ ఉంటాయి. ఆ గుంపుమీదుగా ఏది పోయినా కోపంతో కొడతాయి, అందుకే అక్కడ పట్టడం చాలా సులువు. ఆ గుంపు కనబడితే రాడ్ కింద పెట్టు. పెద్దదాన్ని తీసేస్తే జిలేబీ చేపలూ, వేరే చేపలూ ఆ పిల్లలను ఊడ్చేస్తాయి. ఒక చేప కోసం వచ్చే ఏడాది చెరువంతా పోగొట్టుకున్నట్టు. ఎవరైనా వాటిమీద వేస్తుంటే వద్దని చెప్పు. నేను చెబుతూనే ఉంటా, కొందరు వింటారు కూడా.

చలికాలం, నీళ్ళు తేరుకున్నప్పుడు. జనవరిలో నీళ్ళు అద్దంలా ఉంటాయి, చేప మందకొడిగా ఉంటుంది. తెల్లవారుజామున పోయి వణకొద్దు, ఎండెక్కాక తొమ్మిది గంటలకు పో. కప్పకు దెబ్బలు తగ్గుతాయి. ఇక్కడ బ్యాస్ వాళ్ళ టెక్సస్ రిగ్ నిజంగా గొప్ప పద్ధతి. దారానికి తూటా ఆకారం బరువు ఒకటి ఎక్కించి, కింద వంపు కొక్కేనికి మెత్తటి రబ్బరు పురుగును తొడిగి, మొనను మళ్ళీ ఆ రబ్బరులోనే దాచెయ్యడం. కలుపులోంచి తగులుకోకుండా జారుతుంది. ఐదు గ్రాముల బరువు చాలు. అడుగుకు దించి, ఒక జానెడు లాగి ఆపి, మళ్ళీ ఒక జానెడు. రంగు సహజంగా ఉండాలి, మట్టిరంగు, పాచిరంగు. దారం కనబడకుండా కొసన ఒక గజం ఫ్లోరోకార్బన్ దారం కట్టుకో. నీ నీడ నీళ్ళమీద పడకుండా నిలబడు, కట్టమీద దబదబ నడవకు.

గాలి గురించి ఒక్క మాట. పిచ్చాటూరు ఆరణియార్ లాంటి పెద్ద జలాశయంలో గాలి ఏ ఒడ్డుకు కొడుతోందో ఆ ఒడ్డుకే పో. విసరడం కష్టమే, కానీ గాలితోపాటు సన్నటి మేతా, దాని వెనక చిన్నచేపలూ అక్కడికే చేరతాయి.

పులికాట్ వేరే లోకం. పండుగప్ప అంటే ఆసియా సీబాస్. సముద్రపు ఉప్పునీళ్ళలో పుట్టి, పులికాట్ లాంటి కలగలుపు నీళ్ళలోకి వచ్చి పెరుగుతుంది. ఇక్కడ చూడాల్సింది పోటు, పాటు, అంటే సముద్రపు నీళ్ళు ఎక్కడం, దిగడం. నీళ్ళు కదులుతున్నప్పుడే మేస్తుంది. నిలిచిపోయినప్పుడు నువ్వు ఏం వేసినా దండగే. నీళ్ళు ఇరుకైన చోటునుంచి దాటే కాలువ మూతులు, పాటుకు నీళ్ళు వెనక్కి జారే అంచులు చూడు. నీ దగ్గరున్న క్రాంక్‌బైట్లకు ఇక్కడ మళ్ళీ పని దొరుకుతుంది, అయితే వాటి కొక్కేలు మార్చాలి. మంచినీళ్ళ చేపకని చేసిన సన్నటి కొక్కేలను పండుగప్ప నిటారుగా చేసేస్తుంది, ఉప్పుకు తుప్పు కూడా పడతాయి. లీడరు 40 పౌండ్లకు తగ్గొద్దు. దాని చెంప మూత అంచు బ్లేడులా ఉంటుంది, దారాన్నీ కోస్తుంది, వేళ్ళనూ కోస్తుంది. చేతిని మొప్పల దగ్గరికి పోనివ్వకు, కింది దవడను గ్రిప్పర్‌తో పట్టు. ఇంటికొచ్చాక రాడ్, రీలు మంచినీళ్ళతో కడుగు, డ్రాగ్ బిగించి కడుగు, ఆరాక వదులు చెయ్యి. ఒక్కసారి మరిస్తే రీలు లోపల ఉప్పు పేరుకుంటుంది.

పులికాట్‌లో పక్షుల అభయారణ్యం హద్దులున్నాయి, శ్రీహరికోట వైపు షార్ (రాకెట్ ప్రయోగ కేంద్రం) హద్దులున్నాయి. సొంతంగా తిరగొద్దు. తడ, సూళ్ళూరుపేట వైపు మత్స్యకారులతో మాట్లాడి, వాళ్ళ పడవలో, వాళ్ళు చెప్పిన చోటికే పో. వాళ్ళ వలలు కట్టిన చోట ఎర విసరడం తప్పు.

మన చెరువులకూ ఇదే మాట. చాలా చెరువులు మత్స్యకారుల సంఘాలు లీజుకు తీసుకుని పిల్ల వదిలినవే. ముందు వాళ్ళను అడుగు. కొర్రమీను వాళ్ళు వదిలిన బొచ్చె, శీలావతి పిల్లలను తింటుంది కాబట్టి, గాలంతో కొర్రమీను మాత్రమే పడతానంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. కోనేర్లు, పుష్కరిణులు, తిరుమల కొండమీది నీళ్ళు, తాగునీటి డ్యాములు, అడవిశాఖ హద్దులు, వీటి జోలికి పోనేవద్దు. బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే పాత పద్ధతి కూడా వదిలెయ్యి. రబ్బరు కప్పతోనూ చేప పడుతుంది. తెగిన దారం ముక్కలు జేబులో వేసుకుని రా. కట్టమీద వదిలేస్తే కొంగల కాళ్ళకు చుట్టుకుంటాయి.

రాడ్ కొనేముందు నీ చెరువు ఫొటోలు రెండు ఇక్కడ పెట్టు. ఒకటి కలుపు కనబడేలా, ఇంకొకటి గాజు గ్లాసులో పట్టిన నీళ్ళది. కప్ప ఏ సైజుది కొనాలో, ఏ మూలనుంచి మొదలుపెట్టాలో వాటిని చూసి చెబుతా.